పడవ కదిలిందా, దీవి కదిలిందా

పరీక్ష తప్పితే నెయిమన్ మోటారు పడవ ఆమె మరిది చేతికి పోతుంది. పరీక్ష నెగ్గినవాళ్ళే ఇకమీదట ఇంజను ముట్టుకోవాలని దీవి పెద్దలు తేల్చేశారు. అదే జరిగితే ఎదుటి చిన్న దీవిలోని కొబ్బరితోటకు పోవడానికి కూడా ఆమె ఒకరి మొహం చూడాల్సిందే.

పాఠం చెప్పేది ఆడబిడ్డ కూతురు తెరేసియా, దీవి బడిలో పంతులమ్మ.

"ఎంత జోరుగా పోతోందో చెబితే వడి, అత్తా. ఏ దిక్కుకో కూడా చెబితే వేగం. జోరు పెంచినా, తగ్గించినా, మలుపు తిప్పినా త్వరణం. ఇప్పుడు పికెలాట్ దీవికి పోయే పడవ ఉందనుకో..."

"పడవ పోదు కదే. పికెలాటే వస్తుంది."

"దానికి కాళ్ళున్నాయా?"

"చుక్కలు చూసి పడవ నడిపే మీ మామయ్య అలాగే చెప్పేవాడు. చుక్కల కింద పడవ ఉన్నచోటే ఉంటుంది. దీవులే దాన్ని దాటుకుంటూ పోతాయి."

"అది తెరచాప లెక్క, ఇది ఇంజను లెక్క. రెండూ ఒక కుండలో వండకు."

నెయిమన్ తల ఊపింది గాని ఏమీ ఎక్కలేదు. తాబేళ్ళ కోసం పికెలాట్‌కని తెరచాప పడవలో పోయిన భర్త లుకెమై మళ్ళీ రాలేదు. అందరూ ఏడ్చి ఊరుకున్నారు. ఆమె మాత్రం, ఆయన కదల్లేదు, మన దీవే దూరం జరిగింది, ఎప్పుడో మళ్ళీ ఆయన దగ్గరికి చేరుతుందని సరిపెట్టుకుంది. పడవే కదులుతుందని ఒప్పుకుంటే ఆయన వెళ్ళిపోయినట్టే. ఒప్పుకోకపోతే మోటారు పడవ దక్కదు. ఏది నిజమో ఎవరిని అడగాలో కూడా ఆమెకు తోచలేదు.

మర్నాడు పడవల సావిడిలో పెద్దల ముందు పరీక్ష పెడుతూ తెరేసియా అడిగింది.

"పికెలాట్ దారిలో కదిలేది ఏది, అత్తా?"

నెయిమన్ చాప అంచులోంచి ఒక పోగు పీకింది.

"పడవే."

"ఎంత జోరుగానో తెలిస్తే అది వడి. వేగం అనాలంటే ఇంకోటి కావాలి. ఎటు?"

"ఈశాన్యానికే బయల్దేరాడు. ఆ తర్వాత ఎటో నాకు తెలియదే."

తెరేసియా పలక వైపు తిరిగి, ఈశాన్యానికి ఒక బాణం గీసింది.

"బయల్దేరిన దిక్కు చాలు అత్తా. పడవ నీదే."

పెద్దలు సరేనని లేచి వెళ్ళిపోయారు. పడవే కదిలిందని తను ఒప్పుకున్నది ఒప్పో తప్పో తెలియక నెయిమన్ అక్కడే కూర్చుంది.