అక్క అడిగిన ఆఖరి సందేహం

మొన్న మా మేనకోడలి పెళ్లి బట్టలకని జగిత్యాల వెళ్లి, మా ఆవిడ చీరల దగ్గర ఎంతకీ తెమలకపోయేసరికి, కాసేపు కూర్చుందామని ఆ దుకాణం రెండో అంతస్తుకు ఎక్కాను. సగం మెట్లు ఎక్కేసరికే కాళ్లకు ఏదో తెలిసినట్టనిపించింది. మలుపులో మిగతావాటికంటే కొంచెం ఎత్తుగా ఉండే మెట్టును చూడకుండానే దాటేశాను. పైన అద్దాలు, రంగు దీపాలు, వరుసగా వేలాడుతున్న షేర్వానీలు, ఒక మూలన బట్టలు తొడిగి చూసుకునే చిన్న గది. ఆ గది తలుపు తీసుకుని ఎవరో బయటికి వచ్చినప్పుడు చల్లటి గాలి ముఖానికి తగిలింది. అప్పుడు గుర్తుపట్టాను. పదిహేడు పద్దెనిమిదేళ్ల కిందట అది మా సర్వర్ గది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఊరూరా కంప్యూటర్ శిక్షణ కేంద్రాలుండేవి. మా కేంద్రం ఆ అంతస్తంతా ఉండేది. దాన్ని పెట్టినాయన్ని అందరం పెద్దసారు అనేవాళ్లం. నేను మల్యాల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాణ్ని. చలికాలమైతే కొండగట్టు మంచులో కలిసిపోయి ఉండేది, రోడ్డుకు రెండు వైపులా నాట్లు వేసిన పొలాల్లో నీళ్లు తెల్లగా మెరిసేవి, కిటికీ పక్కన కూర్చుని సగం నిద్రలో సగం మెలకువలో నేను ఆ గదిలోని యంత్రాల గురించే ఆలోచిస్తూ వచ్చేవాణ్ని. గది తలుపు తీయగానే ఆ చల్లదనం, ఆగకుండా వచ్చే ఆ సన్నటి హోరు, చీకట్లో మిణుకుమనే పచ్చటి దీపాలు, ఇప్పటికీ ఒక్కోసారి కలలోకి వస్తాయి.

అందులో రెండు పెద్ద కంప్యూటర్లుండేవి. వాటి లోపల నిజంగా లేని కంప్యూటర్లు, ఒక్కోదానిలో ఏడెనిమిది, నడిచేవి. సర్వర్లని మేం అనేది వీటినే. వాటికి ఒళ్లుండదు. తెర మీద మాత్రం లేస్తాయి, పని చేస్తాయి, అప్పుడప్పుడు జబ్బు కూడా పడతాయి. వాటిలో దాచుకున్నదంతా ఆ రెండు కంప్యూటర్లలో కాకుండా, మూలన ఇనుప అరలో ఉన్న ఒక నల్లటి స్టోరేజి పెట్టెలో ఉండేది. ఈ మూడింటినీ నీలి వైర్లతో కలుపుతూ మధ్యలో ఒక స్విచ్చి. స్విచ్చంటే గోడ మీది మీట కాదు, ఒకదాని సమాచారాన్ని మరొకదానికి అందించే చిన్న పెట్టె. ఇంత సరంజామా అప్పుడు జగిత్యాలలో ఇంకెక్కడా లేదని పెద్దసారు వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

నేను చెప్పబోయే సంగతి జరిగిన ఏడాది మా దగ్గర ఎనిమిది మంది పిల్లలుండేవాళ్లు. కోరుట్ల వాళ్లు ముగ్గురు, ముత్యంపేట నుంచి ఒకతను, మిగతావాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి. వాళ్ల అన్నలు, బావలు దుబాయిలోనో మస్కట్‌లోనో ఎండలో పనిచేస్తున్నవాళ్లే. వీళ్లకు మాత్రం నీడపట్టున కూర్చుని చేసే కొలువు కావాలి. హైదరాబాదులోని ఒక కంపెనీ ఆయన, శనివారం తానే వచ్చి పిల్లలు తయారుచేసుకున్న సర్వర్లు నడిపించి చూసి, నచ్చినవాళ్లను కొలువులోకి తీసుకుంటానని కబురు పంపాడు. మూడు నెలల వాళ్ల కష్టమంతా ఆ నల్లటి పెట్టెలో ఉంది.

పిల్లలకు పాఠం చెప్పేది నేను, గదిని చూసుకునేది అక్క. ఆమె నాకంటే ఆరేళ్లు చిన్నది. పిల్లలంతా అక్కా అనేవాళ్లు గనుక నాకూ ఆమె అక్కగానే మిగిలిపోయింది. రాయికల్ ఆమెది. తండ్రి కూలిపనికి పోయేవాడు, తల్లి బీడీలు చేసేది, ఆదివారం ముగ్గురూ ప్రార్థనకు వెళ్లేవాళ్లు. మా దగ్గరే విద్యార్థినిగా చేరి, అక్కడే పనికి కుదిరింది. ఆమెకొక అలవాటుండేది. గదిలో ఏ చిన్న మార్పు జరిగినా, వైరు ఒక రంధ్రం నుంచి మరో రంధ్రానికి మారినా సరే, అట్టలు చినిగిన ఒక నోటుబుక్కులో రాసిపెట్టేది. ఏదైనా తెలియకపోతే నేను ఎంత పనిలో ఉన్నా వచ్చి పక్కన నిలబడి అడిగేది. ఒక్కోసారి విసుగొచ్చేది నాకు. విసుగు దాచుకోవడం అప్పట్లో రాదు.

ఆ శనివారానికి నాలుగు రోజుల ముందు, మంగళవారం సాయంత్రం పాత స్విచ్చి నుంచి కాలిన వాసన వచ్చింది. సిరిసిల్లలో మా బావ ఆఫీసులో ఊరికే పడి ఉన్న స్విచ్చి ఒకటి అవసరానికుంటుందని అంతకుముందే తెచ్చి పెట్టుకున్నాను. దాన్ని బిగించి, ఒక కంప్యూటర్ నుంచి స్టోరేజి పెట్టెకు ఒక చిన్న సంకేతం పంపి పలకరించి చూశాను. వెంటనే బదులు వచ్చింది. ఇంక ఢోకా లేదనుకుని బస్సు దొరకదేమోనన్న తొందరలో బయల్దేరాను. అక్క ఉండి, అన్నీ సర్ది, తాళం వేసి వెళ్లింది.

బుధవారం పొద్దున పిల్లలు వచ్చి కూర్చుంటే ఒక్క సర్వరూ లేవలేదు. విచిత్రమేమిటంటే స్టోరేజి పెట్టె ఉన్నదని తెర చెబుతోంది. పలకరిస్తే పలుకుతోంది. పేరు చెప్పి లోపలికి రానివ్వమంటే రానిస్తోంది కూడా. తీరా సర్వరును లేపబోతే సగంలో ఆగిపోయి అలాగే కొయ్యబారిపోతోంది. వైర్లు మార్చాను, పెట్టెను ఆపి మళ్లీ వేశాను, పేర్లూ పాస్‌వర్డులూ మళ్లీ కొట్టాను. స్విచ్చి జోలికి మాత్రం పోలేదు. అది నేను పెట్టింది, పరీక్షించింది కూడా నేనే.

అక్క దగ్గరికొచ్చి ఏదో చెప్పబోయింది. చెప్పనివ్వలేదు. ఒక మాట దాచకుండా చెప్పాలి. మా తాతల నాడు మాది ఊళ్లో పెత్తనం చేసిన ఇల్లు. భూములు చాలావరకు పోయినా, మిగిలిన కొద్దిపాటి వ్యవసాయం మీదే నాన్న బతికినా, ఇంట్లో ఏ వస్తువు కనిపించకపోయినా ముందు పనివాళ్ల వైపు చూసే అలవాటు పోలేదు. నేను చదువుకున్నవాణ్ని, నాలో అది లేదనుకునేవాణ్ని. ఆ పొద్దున ఎనిమిది మంది పిల్లల ముందూ, అప్పుడే గదిలోకొచ్చిన పెద్దసారు ముందూ నా నోటి నుంచి అదే వచ్చింది.

"నిన్న ఆఖరుకు గదిల ఉన్నది నువ్వే గద. ఏం ముట్టినవ్?"

ఆమె చేతిలోని నోటుబుక్కు చూపించింది.

"నేనేం ముట్టలేదు సారు. ఏమేం మారినయో బుక్కుల రాసి పెట్టిన, సూస్కోండ్రి."

పెద్దసారుకు కంపెనీ ఆయన వస్తున్నాడన్న కంగారు. ఈ గండం గడిచేదాకా నువ్వు ఇంటి దగ్గరే ఉండమ్మా అన్నాడు. ఆమె తాళంచెవులు బల్ల మీద పెట్టి, వాటి పక్కన ఆ నోటుబుక్కు పెట్టి వెళ్లిపోయింది. కిటికీలోంచి చూస్తే బస్టాండు వైపు, ఎప్పటిలాగే రోడ్డు వారగా నడుస్తూ కనిపించింది.

ఆ రెండు రోజులూ నాకు నీళ్లలో నడిచినట్టు గడిచాయి. పిల్లలు బయట వరండాలో గుంపుగా కూర్చుని మెల్లగా మాట్లాడుకునేవాళ్లు, నేను లోపల ఆ హోరు మధ్య ఒక్కణ్నే తెర వైపు చూస్తూ కూర్చునేవాణ్ని. నోటుబుక్కు బల్ల మీదే ఉంది. దాన్ని తెరిస్తే ఆమె చెప్పింది విన్నట్టవుతుందని తెరవలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి ఇంక చేయడానికేమీ మిగలక తెరిచాను. చివరి పేజీలో గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: మంగళవారం సాయంత్రం. పాత స్విచ్చి కాలింది. సారు సిరిసిల్ల స్విచ్చి పెట్టిండ్రు. దాంట్ల పెద్ద ప్యాకెట్ల సెట్టింగు పెట్టలేదు. పెట్టాల్నా అని అడిగిన. రేపు చూద్దాం అన్నరు.

అడిగింది. బస్సు కోసం మెట్లు దిగుతున్న నా వెనక నిలబడి అడిగింది. నాకు అప్పుడు గుర్తొచ్చింది.

సంగతేమిటంటే, వైర్ల మీద సమాచారం చిన్నచిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది. వేగం పెరుగుతుందని ఆర్నెల్ల కిందట నేనే రెండు కంప్యూటర్లలోనూ స్టోరేజి పెట్టెలోనూ వాటిని ఆరింతలు పెద్దవి చేశాను, మధ్యనున్న పాత స్విచ్చిలోనూ అందుకు తగ్గట్టు మార్చాను. కొత్త స్విచ్చిలో మార్చలేదు. అది చిన్నవాటిని దాటనిచ్చి, పెద్దవాటిని చప్పుడు లేకుండా పారేస్తోంది. పలకరింపులన్నీ చిన్నవే గనుక వెళ్లేవి. అసలు పని మొదలైతే పెద్దవి రావాలి, అవి రావు. ఒక పెద్ద ప్యాకెట్‌ను విడగొట్టకుండా పంపి చూశాను. బదులు రాలేదు. స్విచ్చి సెట్టింగుల్లోకి వెళ్లి ఒక్క అంకె మార్చాను. పది నిమిషాల్లో సర్వర్లన్నీ ఒకదాని వెంట ఒకటి, నిద్ర లేచినట్టు లేచాయి.

పిల్లలు లోపలికి పరుగెత్తుకొచ్చారు. చాయ్ తెప్పించారు. సారు తిండి లేకుండా మూడు రోజులు పట్టుబట్టి సాధించాడని పెద్దసారుకు చెప్పారు. కోరుట్ల పిల్లల్లో ఒకతను, నన్ను పొగడాలనే పాపం, ఇంకో మాట కూడా అన్నాడు.

"అక్క ఏం జేసిపెట్టిందో ఏమో, సారు కాబట్టి దొరకవట్టిండు."

నేను చాయ్ తాగాను.

నాలుగింటికి మల్యాల బస్సెక్కి కూర్చున్నాను. బస్సు కదిలేలోపు ఆ పిల్లవాడి మాట చెవిలో మళ్లీ మళ్లీ వినిపించింది. దిగిపోయి, అవతల ఆగి ఉన్న రాయికల్ బస్సెక్కాను.

ఇల్లు వెతుక్కుని వెళ్లేసరికి సాయంకాలపు ఎండ వాకిట్లో పసుపుగా పరుచుకుని ఉంది. వాళ్లమ్మ ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. అక్క పక్కన కూర్చుని కత్తెరతో ఆకు కత్తిరిస్తోంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. కూర్చోలేకపోయాను. తప్పు నాదేనని, స్విచ్చి నేనే మార్చి ఆమె అడిగింది వినిపించుకోలేదని, సర్వర్లు లేచాయని, రేపు రమ్మని ఏదో ఒక వరసలో చెప్పాను. వాళ్లమ్మ చేతులు ఆగలేదు గానీ చూపు మాత్రం కూతురి మీదే ఉంది. అక్క కత్తెర కింద పెట్టింది.

"గా మాట నాకెందుకు సారు, నాకెర్కే గద. పోరగాండ్ల ముందట అన్నరు. ఆళ్ల ముందటనే చెప్పుండ్రి."

కోపంగా అనలేదు. వాళ్లమ్మ చాయ్ తాగి పొమ్మంది. తాగి వచ్చాను.

పొద్దున్నే పిల్లల్ని కూర్చోబెట్టి, కంపెనీ ఆయన రాకముందే చెప్పేద్దామనుకున్నాను. తీరా వెళ్లేసరికి ఆయన ముందే వచ్చేసి పెద్దసారు పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పిల్లలు తెరల ముందు సిద్ధంగా ఉన్నారు. సాయంత్రం చెబితే ఏం పోయిందని మనసు గొణిగింది. అప్పుడు గుమ్మం వైపు చూశాను. ఆ గదిలోకి అందరం చెప్పులు బయట విడిచి వెళ్లేవాళ్లం. అక్క గుమ్మం బయట చెప్పులు విప్పకుండా నిలబడి ఉంది.

నిలబడి చెప్పాను. ఈ గది మూడు రోజులు ఆగిపోవడానికి కారణం నేనని, అక్క ముందే అడిగితే తోసేశానని, పైగా తప్పు ఆమె మీద వేశానని, చివరికి దారి చూపింది ఆమె రాసిన పేజీయేనని. కోరుట్ల పిల్లవాడు తల వంచుకున్నాడు. పెద్దసారు ముఖం ఎర్రబడింది. కంపెనీ ఆయన మాత్రం ఆ నోటుబుక్కు ఓసారి ఇవ్వండని అడిగి రెండు పేజీలు తిరగేశాడు. అక్క చెప్పులు విప్పి లోపలికొచ్చి, ఎప్పటిలాగే మూలనున్న స్టూలు మీద కూర్చుంది.

ఎనిమిది మందిలో నలుగురిని తీసుకున్నాడాయన. ముత్యంపేట అతను ఆ తర్వాత ఖతర్‌లో మంచి కొలువులో చేరాడని విన్నాను. అక్క మరో రెండేళ్లు మాతోనే ఉంది. మాటల్లో ఏ తేడా లేదు, పండక్కి కేకు కూడా తెచ్చిపెట్టేది. అయితే ఎన్నో నెలలు గడిచాక ఒక సంగతి నాకు తట్టింది. ఆ వారం తర్వాత ఆమె నన్ను ఒక్క సందేహమూ అడగలేదు. లావుపాటి పుస్తకాలు తెచ్చుకుని, మధ్యాహ్నాలు ఆ చల్లటి గదిలో తనంతట తాను చదువుకునేది. చదివి చదివి నాకు తెలియనివి కూడా నేర్చుకుంది. కోరుట్లలో ఒక కళాశాలకు వెళ్లిపోయే రోజున దండం పెట్టి వెళ్లింది. ఆ నోటుబుక్కు తనతో తీసుకెళ్లింది.

ఇప్పుడు ఆ గదులు లేవు. సర్వర్లు ఎక్కడో ఏ దేశంలోనో ఉంటాయి, స్టోరేజి ఎక్కడుందో అడిగేవాళ్లే లేరు, ఏదైనా ఆగిపోతే ఎక్కడ ఆగిందో తెర మీద అదే రాస్తుంది. ఇప్పుడు నేనున్న ఆఫీసులో నా దగ్గర పనిచేసే పిల్లలు నెమ్మదస్తులు, తెలివైనవాళ్లు. వాళ్లకు ఏ సందేహమొచ్చినా ఫోనును అడుగుతారు. అది ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు, రేపు చూద్దామనదు. మంచిదే. ఒకరి నోటికి జడిసి ఎవరూ అడగడం మానుకోవాల్సిన పని లేదు. మధ్యాహ్నం వేళల్లో ఒక్కోసారి నా కుర్చీ పక్కన ఎవరో వచ్చి నిలబడినట్టనిపించి తలెత్తి చూస్తాను. చేతిలో పని పక్కన పెట్టి, ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినే ఓపిక ఈ వయసుకు నాకూ వచ్చింది. అడిగేవాళ్లే లేరు.