కనపడని పౌడరు

వడమాలపేట పక్క పల్లెలో తిరుమలమ్మ మొహాన పౌడరు కనిపించిందంటే ఆ రోజు ఆమె కూలికి పోదని అర్థం. మామిడితోట మేస్త్రీ కూడా ఆ మొహం చూసి, మాట్లాడకుండా పక్కింటి తలుపు తట్టేవాడు. మిగతా రోజుల్లో ఎవరైనా ఆమెను గద్దించి, చిటికె వేసి, ఎలాగైనా పిలవొచ్చు. పౌడరు పూసుకున్న రోజు మాత్రం అంత ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. డబ్బా అరచేతిలోకి ఒంపుకుని, రెండు చేతులా రుద్దుకుని, నుదుటి నుంచి మెడ దాకా దట్టంగా పట్టించేది. చెవుల కింద తెల్లగా చారలు కట్టినా పట్టించుకునేది కాదు. పెళ్లికి పోతున్న మనిషని నాలుగు ఇళ్ల అవతలికి తెలియకపోతే ఇక ఆ పౌడరు ఎందుకు, తగలెయ్యనా?

ఈ మొహాన్ని చూసి సిగ్గుతో చచ్చిపోయిన ఘనుడు ఆమె కన్నకొడుకే. బడికొచ్చిన అమ్మను చూసి తోటి పిల్లలు సున్నం కొట్టిన గోడ అన్నారట. సుకుమార్ ఆ మాటను పెద్దయ్యేదాకా దాచుకున్నాడు. దాచుకోవడానికి అంతకంటే మంచిది దొరకలేదు పాపం. డిప్లొమా చదివి, రేణిగుంట పక్కన మేకప్ బ్రష్‌లు చేసే కంపెనీలో డిజైనింగ్ ఉద్యోగం సంపాదించి, మొహానికి పౌడరు సమంగా పడే బ్రష్ తయారు చేస్తానని కూర్చున్నాడు. లోకానికి ఇంకే కష్టమూ లేనట్టు.

పౌడరు బ్రష్ పిడిలోనే ఉంటుంది. అడుగు భాగం తిప్పితే చిన్న జల్లెడలోంచి కుచ్చులోకి దిగుతుంది. మొదట జల్లెడ కన్నాలన్నీ ఒకే కొలతలో పెడితే పౌడరంతా నడిమధ్యన కుప్పపడింది. మధ్యవి చిన్నవి చేసి అంచులవి పెద్దవి చేస్తే, తిరుపతి ఉక్కకు లోపలే ముద్దకట్టింది. అప్పుడు పిడిలో చిన్న గుండు ఒకటి వేశాడు. బ్రష్ కదిపినప్పుడల్లా అది దొర్లి ముద్దను విడగొడుతుంది. ఇంటికొచ్చి కూడా ఇదే గోల. నల్లగుడ్డ పరిచి, దాని మీద దులిపి, భూతద్దం పెట్టుకుని బోర్లా పడి చూసేవాడు. అవతల అన్నం చల్లారిపోయేది. వీడికి పిచ్చి ముదిరిందని తిరుమలమ్మకు అనుమానం. ఈ పనికి నెలనెలా జీతం ఇస్తున్నారని తెలిశాక ఆ కంపెనీ మీద కూడా అనుమానం పుట్టింది.

"పూసుకున్నట్టే తెలియకూడదు మా. అదీ డిజైనంటే," అన్నాడు ఒకరోజు.

"తెలియకపోతే పూసుకునేది యాలరా?"

సుకుమార్ జాలిగా నవ్వాడు. చదువుకున్నవాళ్లు చదువులేని తల్లులను క్షమించేటప్పుడు నవ్వే నవ్వు అది. తిరుమలమ్మకు ఆ నవ్వంటే అరికాలి మంట.

బ్రష్ ఎట్టకేలకు కుదిరింది. ఓనరు దయానంద్ తిరుపతిలో ఒక హోటల్ హాలు తీసుకుని ఫంక్షన్ పెట్టి, అందరినీ ఇంట్లోవాళ్లతో రమ్మన్నాడు. సుకుమార్ అమ్మను పిలిచాడు గానీ, ఆ రోజు పౌడరు మాత్రం తానే వేస్తానని షరతు పెట్టాడు. తిరుమలమ్మ మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి వాడు ఆ కంపెనీ మనిషి ఒక్కడికీ ఆమెను చూపించలేదు. ఇన్నాళ్లకు నలుగురిలో నిలబెట్టి "మా అమ్మ" అంటాడు. ఆ ఒక్క మాట కోసం ఆ బ్రష్‌తో పళ్లు తోముకోమన్నా తోముకునేది.

హాలు పక్క గదిలో కూర్చోబెట్టి, పిడి తిప్పి, గాలి తగిలినంత మెత్తగా వేశాడు. అద్దంలో చూస్తే రోజూ మామిడితోటకు పోయే మొహమే కనిపించింది. ఏమీ పడలేదని ఆమె అంటే, అదే గొప్పతనమని వాడు పొంగిపోయాడు. ఇప్పుడే వస్తానని చెప్పి, కాఫీ టేబుల్ దగ్గర నిలబెట్టి వెళ్లాడు.

కాసేపటికి ఓనరు భార్య గీతాంజలి ఫోన్‌లో మాట్లాడుతూ అటు వచ్చింది. తాగేసిన కప్పు తిరుమలమ్మ చేతిలో పెట్టి, టేబుల్ మీదవి కూడా తీసేయమని వేలితో చూపించి, మాట ఆపకుండానే వెళ్లిపోయింది. మొహం చూడలేదా అంటే చూసింది. చూసే ఇచ్చింది. తిరుమలమ్మకు ఒళ్లు మండిపోయింది. కప్పు నేలకేసి కొట్టేదే, కానీ ఎదురుగా కొడుకు వస్తున్నాడు. పక్కన దయానంద్ ఉన్నాడు. కొడుకే వచ్చి కప్పు లాక్కుని, ఈమె ఎవరో చెబితే సరిపోతుంది. అందుకే పట్టుకుని నిలబడింది.

కొడుకు కళ్లు ముందు కప్పు మీద పడ్డాయి. ఠక్కున ఆగాడు.

"ఎవురప్పా ఈమె?" అన్నాడు దయానంద్.

సుకుమార్ ఎంగిలి కప్పును చూశాడు, ఓనరును చూశాడు. తల్లి వైపు మాత్రం చూడలేదు.

"టెస్టింగ్‌కని పిలిపించినాం సార్. మన బ్రష్ వేసి చూసినాం."

దయానంద్ వంగి, సంతలో పశువును చూసినట్టు ఆమె మొహాన్ని అటూ ఇటూ పరిశీలించాడు. ఎక్కడా చార లేదని, వేసినట్టే తెలియడం లేదని మెచ్చుకుంటూ సుకుమార్ భుజం తట్టాడు. వాడు పళ్లికిలించాడు. తిరుమలమ్మకు ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది, కడుపున పుట్టినవాడి మీద. ఆ కప్పు కొడుకు చేతిలో పెట్టింది.

"ఔ సార్, టెస్టింగ్‌కే వచ్చినాను," అంది. "తేలిపోయింది. ఇంగ ఇంటికి పోతాను."