సంతకం పెట్టని యాకూబన్న

నిన్న పొద్దుగాల ఫోన్. యాకూబన్న ఇగ లేడని.

"ఏ యాకూబన్న?" అని అడిగిన. నాకు తెల్సింది ఒక్కడే. అయినా అడిగిన.

ఆయనది పెద్దవంగర, నాది మహబూబాబాద్. 69 తెలంగాణ ఉద్యమంల కాలేజీ బందయితే బొంబాయి పోయి ఓడెక్కిండు. ఎనభైలల్ల ఒకే కార్గో షిప్‌ల కలిసినం. ఆయన సెకండ్ ఆఫీసర్, చార్టులు, అంటే సముద్రం మ్యాపులన్నీ ఆయన చేతులనే. నేను రేడియో ఆఫీసర్.

అప్పుడే ఓడకు సాట్‌నావ్ డబ్బా వచ్చింది. శాటిలైట్ల తోని ఓడ ఏడుందో నంబర్లల్ల చూపెడ్తది. అందరికీ దాని మీదనే నమ్మకం. అన్న మాత్రం స్కేలు, పెన్సిల్ ఇడ్వలే. నవ్వేటోళ్లు.

ఒకనాడు పగటిపూట మంచు. ఏం కానొస్తలేదు. దీవి పది మైళ్ల దూరం అంటున్నది డబ్బా. అన్న నీళ్ల లోతు చూసిండు, చార్టు చూసిండు. మళ్ల చూసిండు.

"సార్, గీ జాగల ఇంత తక్కువ లోతు ఉండొద్దు. డబ్బాకు ఆఖరుసారి శాటిలైట్ దొరికి గంట దాటింది. అప్పటిసంది అందాజ మీద చెప్తున్నది. నీళ్లు మనల్ని పక్కకు గుంజినయ్. రాళ్ల మీదికి పోతున్నం."

కెప్టెన్‌ది కోస్తా ఆంధ్ర. "మీ ఊళ్లో చెరువు తప్ప ఏముందయ్యా? మెషీన్ కంటే నీకెక్కువ తెలుసా?"

అన్న గొంతు లేపలే. "చెరువే ఉంది సార్. ఓడ తిప్పుతున్న. ఏం రాసుకుంటరో రాసుకోండ్రి."

తిప్పిండు.

అరగంటకు మంచు విచ్చుకుంది. మేం పోవాల్సిన దారిల రాళ్ల మీద అలలు తెల్లగ పగులుతున్నయ్.



తెల్లారి కెప్టెన్ లాగ్‌బుక్ తెచ్చిండు. తన ఆర్డర్ మీదనే ఓడ తిరిగిందని రాసి, సంతకం పెట్టుమన్నడు.

"జరిగింది రాయండ్రి, పెడ్త" అన్నడు అన్న.

రాయలే. పెట్టలే.

కంపెనీ మళ్ల కాంట్రాక్ట్ ఇయ్యలే. ఇంట్ల ముగ్గురు పిల్లలు. ఆర్నెల్లు ఖాళీగున్నడు. "ఒక్క సంతకమే కదనే, పెడ్తే ఏమాయె" అని నేనే అన్న. చాన రోజులు నాతోని మాట్లాడలే.

ఇంకో ఓడ దొరికినంక తన కింద పనిచేసిన ప్రతి ఆఫీసర్‌తోని చార్టు మీద ఓడ దారి గీయించిండు. "మెషీన్ వద్దంటలేను. అది చెప్పేది నిజమా కాదా నువ్వు చూడొద్దా?" అనేటోడు.

నిన్నటిసంది మా ఓడోళ్ల వాట్సాప్ గ్రూపుల కొందరు పెడ్తున్నరు, "మంచోడే గని మొండోడు" అని.

అవును, మొండోడే. ఆయన మొండికేసినందుకే నేను ఇంటికొచ్చిన. పెండ్లి చేసుకున్న. నాకు బిడ్డ పుట్టింది. మీరేమన్న అనుకోండ్రి.

అన్నా, ఆ రోజు నువ్వు సంతకం పెట్టకపోవుడే కరెక్ట్. నీ మొఖం మీద ఎన్నడూ చెప్పలే. ఇప్పుడు అందరి ముంగట చెప్తున్న.

నిమ్మళంగ పండుకో. పెద్దవంగర మట్టి నీకు మెత్తగుండాలె.