ఉరిమే పొగ, మా సారథి బాబాయ్

మా విజయసారథి బాబాయ్‌తో మీరు ఏం మాట్లాడినా సరే, ఆ మాట చివరికి ఆఫ్రికాలోని విక్టోరియా జలపాతంలో పడాల్సిందే. వంకాయల ధర గురించి మొదలుపెట్టండి, పడుతుంది. మోకాళ్ళ నొప్పుల గురించి మొదలుపెట్టండి, అదీ పడుతుంది. తెనాలిలో ఆయన్ని ఎరిగినవాళ్ళు "నమస్కారమండి" అని ఊరుకుంటారు. "ఏంటి విశేషాలు" అని మాత్రం అనరు. అన్నవాళ్ళకి ఆ పూట భోజనం ఆలస్యమే.

వృత్తి చూస్తే ఇన్సూరెన్స్ ఏజెంటు. మామూలుగా ఏజెంటు కనబడితే జనం పక్క సందులోకి తప్పుకుంటారు, పాలసీ అంటగడతాడని. బాబాయ్ దగ్గర ఆ భయం లేదు. సంచీలోంచి కాగితాలు తీసేలోపే ఆ జలపాతంలో దూకే జాంబెజీ నది వచ్చేస్తుంది. మా వీధి రాఘవయ్య గారు తనంతట తనే పాలసీ తీసుకుందామని వెళ్ళారు. "సాయంత్రం దాకా కూర్చున్నానండి. పాలసీ సంగతి తేలలేదు గానీ, ఇప్పుడు నన్ను ఆఫ్రికాలో వదిలేసినా దారి కనుక్కుని వచ్చేస్తాను" అని చెప్పుకుని నవ్వుతారు.

పోనీ ఆయన ఆఫ్రికా వెళ్ళొచ్చారా అంటే, చీరాల దాటి వెళ్ళగా మేమెవరం చూడలేదు. ఉండబట్టలేక ఓ రోజు అడిగేశాను.

"బాబాయ్, లోకంలో ఇన్ని జలపాతాలుండగా నీకిదే ఎందుకు పట్టుకుంది?"

"మన డెల్టాలో నీళ్ళు పాకుతాయి గానీ దూకవు కదరా శశాంక్! ఎక్కడన్నా దూకుతాయేమోనని వెతుకుతుంటే ఇది కనబడింది. మైలు పైన వెడల్పు. నది నదంతా ఒక్కసారిగా నేల చీలికలోకి దూకేస్తుంది. ఆ తుంపర తెనాలిలో లేచిందనుకో, రేపల్లెలో మేడెక్కినవాడికి పొగలా కనబడుతుంది. అందుకే అక్కడివాళ్ళు దాన్ని మోసి-ఓయ-తున్యా అన్నారు. ఉరిమే పొగ అని."

"మరి విక్టోరియా ఏంటి?"

"లివింగ్‌స్టన్ అని ఓ దొర వచ్చాడు, పద్దెనిమిది వందల యాభై అయిదులో. అక్కడివాళ్ళే పడవలో తీసుకెళ్ళి చూపించారు. చూసి, వాళ్ళ రాణిగారి పేరు పెట్టేశాడు. నిక్షేపంలాంటి పేరుండగా ఇంకో పేరేంట్రా! మా ఇంటికొచ్చి మా పిల్లకి నువ్వు పేరు పెడితే ఊరుకుంటామా?"

ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. నాకేమో ఆ జలపాతం మీద ఆసక్తి పెరిగిపోయింది. దాన్ని మించి, బాబాయ్ దాన్ని ఎత్తుకునే సమయాల మీద పెరిగింది. ఎందుకంటే ఒక్కోసారి ఏ సంబంధమూ లేకుండా, ఎదుటివాళ్ళ మాట మధ్యలో దూకేస్తారు.

ఎదురింటి హేమంత్ ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజున వీధి అరుగు మీద ఓ పెద్దాయన "ఏరా, ఎన్నొచ్చాయి?" అన్నారు. హేమంత్ చెప్పులకేసి చూసుకుంటున్నాడు. ఇంతలో బాబాయ్, "అది అలా ఉంచండి. పున్నమి రాత్రి అక్కడ ఇంద్రధనుస్సు పడుతుంది, తెలుసా మీకు? ఎండకి కాదండి, వెన్నెలకి!" అన్నారు. పెద్దాయనకి ఇంట్లో ఏదో పని గుర్తొచ్చింది.

ఇంకోసారి రేపల్లె రైల్లో హనుమయ్య గారూ మేమూ కలిసి వెళ్తున్నాం. ఆయన చీరల కొట్టు మూతపడి ఎంతో కాలం కాలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి "కొట్టు ఎలా నడుస్తోందండీ?" అని నోరు తెరిచాడో లేదో, బాబాయ్ అందుకున్నారు. ఆ తుంపరకే అక్కడ ఓ అడవి బతుకుతోందని, అక్కడ ఆకాశంలో మబ్బు లేకపోయినా వాన పడుతూనే ఉంటుందని గుక్క తిప్పుకోకుండా చెప్పారు. రేపల్లె దాకా టికెట్ తీసుకున్న ఆ మనిషి వేమూరులో దిగిపోయాడు.

ఇక మా అక్క హరిత సంగతి. బాపట్లలో కాలేజీ లెక్చరరు. విడాకులయ్యాక బంధువుల ఇళ్ళలో శుభకార్యాలకి రావడం మానేసింది. మా వైపు ఓ మర్యాద ఉంది. పెళ్ళయిన ఆడపిల్ల విందుకి ఒంటరిగా వస్తే "అల్లుడుగారు రాలేదా?" అని అడిగి తీరాలి. అడక్కపోతే చిన్నచూపు చూసినట్టు. సంగతి తెలిసినవాళ్ళు కూడా అలవాటు కొద్దీ అడిగేసి, తర్వాత నాలిక కరుచుకుంటారు.

వెంకటకృష్ణయ్య పెదనాన్న బాపట్లలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. అదే ఊళ్ళో ఉండి అక్క రాకపోతే ఆయన మనసు కష్టపెట్టుకుంటాడు.

"వస్తాన్రా. కానీ భోజనాల దగ్గర బాబాయ్ పక్క కుర్చీ నాది. ఈసారి గనక ఎవరైనా అడిగి, నేను లేచి వచ్చేశానంటే, ఇక జన్మలో మనవాళ్ళ గడప తొక్కను" అంది అక్క.

జనం పారిపోయే కుర్చీని ఈవిడ ముందే అడిగి పెట్టుకోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

సరిగ్గా ఆ వారమే బాబాయ్ గొంతు పోయింది. "మాట్లాడితే ఉన్న గొంతు కూడా పోతుందన్నారు డాక్టరు గారు" అని శకుంతల పిన్ని అందరికీ ఫోన్లు చేసి చెప్పింది. బంధువులంతా అయ్యో అన్నారు గానీ, ఆ అయ్యోలో కాస్త సంతోషం లేకపోలేదు. అక్క ముఖంలో మాత్రం కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. అయినా అన్న మాట ప్రకారం వచ్చి బాబాయ్ పక్కనే కూర్చుంది.

పులిహోర, అన్నం, సాంబారు వడ్డించారు. ఎదురుగా చెరుకుపల్లి తిరుపతమ్మత్తయ్య కూర్చుంది. మంచి మనిషి. ఆవిడ అరిటాకు సర్దుకుంటూ తలెత్తి, "ఏమ్మా హరితా, చిక్కిపోయావు. అల్లుడుగారు రాలేదా?" అంది.

అక్క చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. బాబాయ్ నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. గుండె పట్టుకున్నారు, ఆకాశం చూపించారు, చేతులు రెండూ బార్లా చాపారు. ఫలితం లేకపోయేసరికి మంచినీళ్ళ జగ్గు ఎత్తి, అంత ఎత్తు నుంచి తన ఆకులో పోశారు. సాంబారు పొంగి, అవతలి పక్కన కూర్చున్న పెదనాన్న పట్టుపంచెను ముంచేసింది.

"ఏవండీ!" అని పిన్ని జగ్గు లాక్కుంది. బాబాయ్ ఆవిణ్ణి చూడలేదు. అత్తయ్యనీ చూడలేదు. కళ్ళనిండా కంగారుతో అక్కనే చూస్తున్నారు. అప్పుడు తట్టింది నాకు. హేమంత్, హనుమయ్య గారు, ఇంకా ఎందరో. జవాబు చెప్పలేని మనిషి కనబడగానే ఈయన తన నదిని అడ్డంపెట్టేవారు.

అక్క ఆ చూపు చూసింది. కుర్చీ వెనక్కి జరిపింది. లేచిపోతుందనుకున్నాను. మళ్ళీ ముందుకు జరుపుకుంది.

"అత్తయ్యా, బాబాయ్ చెప్పేది మోసి-ఓయ-తున్యా గురించి. అది ఇప్పుడున్న చోట మొదట్నుంచీ లేదు, తెలుసా? కింద రాయిని కోసుకుంటూ వెనక్కి జరుగుతూ వచ్చింది. అది వదిలేసిన చోట్లన్నీ ఇప్పుడు పెద్ద పెద్ద లోయలు."

"ఆఁ? జలపాతం జరుగుతుందా? ఎలా?" అత్తయ్య ముద్ద కలపడం ఆపేసింది.

"లక్షేళ్ళ పైగా పట్టిందిలే అత్తయ్యా."

"మరి ఆ రాణిగారు వచ్చి చూసిందా?"

"లేదు. ఒక్కసారి కూడా."

"చూడకుండానే పేరు పెట్టించేసుకుందా! ఎంత విడ్డూరం!"

అక్క నవ్వింది. నవ్వుతూనే, "ఆయన రారు అత్తయ్యా. మేం విడిపోయాం. నేను బాగానే ఉన్నాను" అంది.

అత్తయ్య వడ్డించేవాళ్ళ వైపు తిరిగి, "ఈ పిల్ల ఆకులో ఏమీ లేదర్రా, పులిహోర తెండి!" అని కేకేసింది.

పులిహోరతో పాటు, ఆలస్యంగా పేరాల నుంచి దిగిన అజయ్ బాబు మావయ్య కూడా వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుంటూనే, "ఏమ్మా హరితా, మీ ఆయన..." అన్నాడు.

"అదలా ఉంచవయ్యా!" అని అత్తయ్య గభాల్న అడ్డొచ్చింది. కంగారులో విన్నదంతా కలగాపులగం అయిపోయినట్టుంది. "ఆఫ్రికాలో విక్టోరియా అని ఓ రాణి ఉండేది. ఆవిడ పేద్ద జలపాతం తవ్వించింది. ఆవిడ ఉరిమిందంటే పొగలొచ్చేసేవి, తెలుసా?"

బాబాయ్ కళ్ళు తేలేశారు. తవ్వించిందన్న మాటకి కుర్చీలోంచి సగం లేచారు. దిద్దడానికి వేలు కూడా ఎత్తారు. ఎత్తి, పక్కకి చూశారు. అక్క రెండోసారి పులిహోర వడ్డించుకుంటోంది.

"నిజమేనా సారథీ?" అన్నాడు మావయ్య.

బాబాయ్ వేలు దించి, నిజమేనని నిండుగా తలూపి, పెరుగన్నం కలుపుకున్నారు.