ఇశ్రాయేలు మర్యాద

బెజవాడలో బోదకాలు జబ్బు మీద పరిశోధన చేసే చిన్న ఆఫీసు ఒకటుండేది. అందులో ఇశ్రాయేలు లాబు అసిస్టెంటు. చల్లపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో పదకొండేళ్ళుగా అవే మనుషుల దగ్గర ఏడాదికోసారి వేలు గుచ్చి రక్తపు చుక్క తీసి, గాజు స్లైడు మీద పూసి, పేరు రాసిన చీటీ అంటించి దాచేవాడు. వేలు చూపించమంటే కర్ర తీసే జనం ఆయన్ను మాత్రం కాదనేవారు కాదు. ఆయన భార్య సంపూర్ణమ్మదీ బోదకాలే మరి.

డెబ్బై నాలుగులో పెద్ద డాక్టరు సుబ్బరత్నం గారు రిటైరవబోతున్నారు. నెలాఖరులోగా డాక్టరు చదివినవాళ్ళెవరైనా పరిశోధనకు చేరకపోతే ఆఫీసు మూసేయమని పైనుంచి ఉత్తరం వచ్చింది. ఇశ్రాయేలు మర్నాడే బస్సెక్కి గుంటూరు మెడికల్ కాలేజీకి వెళ్ళి, పాసై బయటికొచ్చే కుర్ర డాక్టర్లను ఒక్కొక్కరినీ బతిమాలాడు.

"దోమల వెంట తిరగడానికా ఇంత చదివింది?" అని నవ్వారు. నవ్వరూ మరి! ప్రాక్టీసు పెడితే రెండేళ్ళలో కారు. ఇక్కడేముంది, బురదా, స్లైడ్లూ.

ఒక్క ఛాయాదేవి మాత్రం నవ్వలేదు. "చూపించండి," అంది. ఇశ్రాయేలు ఆమెను తిన్నగా తన ఇంటికే తీసుకెళ్ళాడు. సంపూర్ణమ్మ చీర కాస్త పైకి తీసి కాలు చూపించింది.

"ఇరవయ్యేళ్ళుగా ఒకే ఇంట్లో పడుకుంటున్నాం గదమ్మా. ఆ దోమలే ఇద్దర్నీ కుట్టాయి. ఈయనకు రానిది నాకే ఎందుకొచ్చిందంటావు?"

ఆ పిల్ల కింద కూర్చుని కాలు వేలితో నొక్కి చూసింది. "తెలియదమ్మా. ఇంకా ఎవరికీ తెలియదు," అంది. గుమ్మం దిగాక ఇశ్రాయేలుతో, "సోమవారం వచ్చి చేరతానండీ," అంది.

ఇక మనవాడి కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది! కానీ కన్న కూతుర్ని పంపిస్తున్న పెద్దమనిషికి ఒక మాట చెప్పుకోకపోతే ఏం మర్యాద? ఆదివారం చర్చి నుంచి అటునుంచటే, డజను చక్కెరకేళీలు కొనుక్కుని, గవర్నరుపేటలో ఆమె తండ్రి బసవయ్య గారింటికి వెళ్ళాడు.

"మీ అమ్మాయిగారిని మా ఆఫీసుకి పంపుతున్నారు. మా ఊళ్ళన్నీ మీ పేరు చెప్పుకుంటాయండీ," అన్నాడు చేతులు జోడించి.

"ఏ ఆఫీసయ్యా?" అన్నాడు బసవయ్య.

లోపలి నుంచి వచ్చిన ఛాయాదేవి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆమె ఇంట్లో చెప్పనే లేదు. చేరిపోయాక చెబుదామనుకుంది. తండ్రేమో అప్పటికే కింది వాటా ఖాళీ చేయించి, నర్సింగ్ హోముకి ముహూర్తం పెట్టించాడు.

సోమవారం ఆమె ఆఫీసుకి పది నిమిషాల కోసం వచ్చింది. తండ్రి కారు బయటే ఆగి ఉంది.

"ఒకసారి చేరిపోతే ఎలాగోలా నిలబడేదాన్నండీ. ఎందుకు చెప్పారు?" అని ఏడ్చింది.

"తప్పయిపోయిందమ్మా. నా చెప్పుతో నన్నే కొట్టండి," అన్నాడు. ఇంకేమంటాడు, పాపం!

నెలాఖరుకి మరెవరూ రాలేదు. సుబ్బరత్నం గారు తాళాలు అప్పగించి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. స్లైడ్లన్నీ కడిగి, మళ్ళీ వాడుకోవడానికి ఆసుపత్రికి పంపమని ఆర్డరు.

సబ్బునీళ్ళ బకెట్టు ముందు కూర్చుని, పేర్లు చదవకుండా కడిగేద్దామనుకున్నాడు ఇశ్రాయేలు. ఎలా కుదురుతుంది? రాసింది తనేనాయె. ఒక్కో పేరూ చదువుతూ, ఒక్కో చీటీ నానబెట్టి ఊడదీస్తూ మూడు రోజులు కడిగాడు. సంపూర్ణమ్మవి పదకొండు ఉన్నాయి. అవీ కడిగాడు.