సగం నొక్కడం రాని వేలు

చేనేత గొప్పదనం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళెవరూ గుంత మగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చోరు. వసంత కూర్చుంది, కోడలిగా ఎమ్మిగనూరు వచ్చిన నాటి నుంచీ. నడుము పట్టేసింది, కళ్ళు లాగాయి, ఇక చాలనుకుంది. ఆదోనిలో ఏసన్న ఫోటో స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటోలు కత్తిరించే పనికి కుదిరింది. తాతల నాటి విద్యను కాలదన్నుతోందని వీధి పెద్దమనుషులు నొచ్చుకున్నారు. వాళ్ళ కొడుకులంతా బళ్ళారి జీన్స్ యూనిట్లలో ఉన్నారన్నది వేరే సంగతి. అత్త తాయమ్మ మాత్రం, పోతే పో గానీ పని నేర్చుకోకుండా రావద్దంది.

వసంత చెయ్యి కత్తెర మీద ఉన్నా కన్ను కెమెరా మీదే. అడిగితే ఏసన్న కాదనలేదు, విసుక్కోకుండా నేర్పాడు. కెమెరా నెత్తిన ఉన్న డయల్‌ను ఆటో దగ్గర పెడితే అన్నీ అదే చూసుకుంటుంది. ‘ఎస్’ దగ్గర పెడితే షట్టర్ ఎంత వేగంగా తెరుచుకుని మూసుకోవాలో మనం చెప్పాలి. ‘ఏ’ అయితే లెన్సు కన్ను ఎంత విప్పాలో చెప్పాలి. ‘ఎమ్’ అయితే రెండూ మన నెత్తినే. ఇవన్నీ ఆమెకు చకచకా పట్టుబడ్డాయి. పట్టుబడనిది ఒక్కటే: బటన్ సగం నొక్కడం.

సగం నొక్కితే కెమెరా మనిషి మొహం మీద ఫోకస్ పట్టుకుంటుంది. మిగతా సగం మెల్లగా నొక్కితే ఫోటో పడుతుంది. వసంత వేలికి ఆ సగం తెలియదు. మగ్గం మీద తాడు పిడిని సగం లాగితే అడ్డపోగు మోసుకెళ్ళే నాడె దారాల నడుమ ఆగిపోతుంది, దాన్ని చూసుకోకుండా పోగును బిగించే అచ్చు కొడితే పోగులు పుటపుటా తెగుతాయి. అందుకే ఆ చెయ్యి ఏది పట్టినా ఒక్క గుంజు గుంజుతుంది. బటన్‌నూ అలాగే గుద్దేది. కెమెరా అదిరేది. కూర్చున్న మనిషి మసకగా వస్తే వెనకనున్న గోడ మాత్రం దివ్యంగా వచ్చేది.

“ఫోటో తియ్యమంటే నాడె ఇసురుతావేందమ్మా, కూసున్నోడు బెదురుకుంటాండాడు,” అనేవాడు ఏసన్న.

శ్రావణమాసం వచ్చింది. కౌతాళం రైతు శేషన్న, ఉరుకుంద ఈరన్న గుడి దగ్గర మనవడికి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నామని ఫోటోలు చెప్పిపోయాడు. అదే రోజు ఆదోనిలో ఏసన్న ఒప్పుకున్న పెళ్ళి. గత్యంతరం లేక రెండో కెమెరా వసంత చేతిలో పెట్టాడు.

“ఎంటికలు రెండోసారి తియ్యరు. బాగొస్తే ఇంకమీదట కెమెరా పని నీదే. మసకొస్తే కత్తెర పట్టుకోని ఈడనే కూసో, మళ్లా ఆ మాటెత్తొద్దు.”

సాయంత్రం ఇంటికి పోయే బస్సులో ఫోన్ తెరిచి వీడియోలు వెతికింది. ఒకదాంట్లో కన్నడాయన ఒకడు చెబుతున్నాడు: ఫోకస్ పనిని షట్టర్ బటన్ నుంచి తీసేసి, కెమెరా వీపున బొటనవేలి కింద ఉండే బటన్‌కు అప్పగించవచ్చట. వసంత ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. బొటనవేలు పట్టుకుంటుంది, చూపుడువేలు గుద్దుతుంది. ఎవరి పని వాళ్ళది, సగాల గొడవ లేదు. బస్సు గుంతల్లో ఎగిరెగిరి పడుతుండగానే మెనూలోకి పోయి మార్చేసింది. ఇక మిగిలింది అదురు. డయల్‌ను ‘ఎస్’ మీదికి తిప్పి, షట్టర్‌ను సెకనులో వెయ్యో వంతుకు పెట్టింది. ఆ రెప్పపాటులో ఎంత గుద్దినా అదురు కనబడదు.

ఉరుకుందలో ఇసుకేస్తే రాలని జనం. వెంట్రుకలు తీసే రేకుల షెడ్డులో వెలుతురు తక్కువ. బొమ్మ నల్లబడుతోందని ఐఎస్ఓ పెంచింది. కాస్త గరుకుగా వచ్చినా ఫరవాలేదు, మసక రాకూడదు. శేషన్న ఆమెను ఎగాదిగా చూసి, ఏసన్న రాలేదా, ఆడమనిషిని పంపినాడా అన్నాడు.

“ఆయప్ప పెండ్లి కాడున్నాడు. నువ్వు రొంత పక్కకు జరుగప్పా, నీ నీడ పిల్లోని మింద పడతాంది.”

శేషన్న జరిగాడు. మేనమామ గణేష్ బిడ్డను ఒళ్ళో అదిమి పట్టుకుని కత్తెర అందుకున్నాడు. అత్తలూ పిన్నులూ ఫోన్లతో మీదికి తోసుకొచ్చారు. వసంత మోచేతులతోనే దారి చేసుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. బొటనవేలితో బిడ్డ కళ్ళ మీద ఫోకస్ పట్టింది. కత్తెర మూసుకుంది. చూపుడువేలు గుద్దింది, తాడు పిడిని గుంజిన ఊపుతోనే.

తెర మీద పెద్దది చేసి చూసింది. తెగిన కుచ్చు గాలిలో నిలబడి ఉంది. పోగు పోగూ లెక్కపెట్టుకోవచ్చు. బిడ్డ గడ్డం మీద కన్నీటిబొట్టు, మామ పంటి కింద పెదవి, అన్నీ కోసినట్టున్నాయి. కెమెరా ఆ వంశంలో అందరి చేతులూ తిరిగింది. తిరిగి ఇవ్వడానికి శేషన్నకు మనసొప్పలేదు.

“మా చిన్నోని పెండ్లికి గూడా నువ్వే రావల్లమ్మా,” అన్నాడు.

మర్నాడు ఏసన్న ఆ ఫోటోలను కంప్యూటర్లో ఒక్కొక్కటే చూశాడు. ఇంతలో పాస్‌పోర్ట్ ఫోటోకు ఒకాయన వస్తే, చేతికందిన ఆ కెమెరానే తీసుకుని బటన్ సగం నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

“దీనికేమొచ్చింది, ఫోకసే పట్టదే?”

వసంత నవ్వుతూ సంగతి చెప్పింది. ఎప్పటిలా మార్చెయ్యమన్నాడు.

“నీ సగం నీ కెమెరాలో పెట్టుకో అన్నా. ఇది నా చేతికి కుదిరింది.”

ఏసన్న ఆమె వైపు, కెమెరా వైపు చూసి, దాన్ని ఆమె మెడలోనే వేశాడు. ఫోటోకు కూర్చున్నాయన్ని నిటారుగా కూర్చోమని ఆమె అప్పుడే అదిలిస్తోంది. ఏసన్న, ఫోటోలు కత్తిరించడానికి ఇంకెవరైనా దొరుకుతారేమో కనుక్కుందామని పక్క అంగడికి బయల్దేరాడు.