నేను సొంతంగా మాట్లాడిన మొదటి ఇంగ్లీషు ముక్క

పోయిన ఆదివారం మా మనవరాలు వియత్నాం నుంచి ఫోన్ చేసి, ఎప్పుడూ లేనంత సంబరంగా ఒక సంగతి చెప్పింది. అక్కడ అది పెద్దవాళ్ళకు అక్షరాల దగ్గర నుంచి ఇంగ్లీషు నేర్పుతోంది. రెండు నెలలుగా క్లాసులో నోరు విప్పని ఒక ముసలావిడ, చేపలమ్ముకునే మనిషి, ఆ రోజు వాన పడుతుంటే లేచి నిలబడి, పుస్తకంలో లేని వాక్యం తనంతట తానే కూర్చుకుని, టీచర్ గొడుగు తెచ్చుకుందా అని అడిగిందట. మా పిల్లకు కళ్ళలో నీళ్ళు తిరిగాయట. "ఇంకేం గావాలె అమ్మమ్మా" అంది. పొయ్యి మీద అన్నం ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

నేర్పని వాక్యం ఒకటి పలికితే అంతే చాలన్న ఆ మాట నేను పదిహేనేళ్ళ కిందట తార్నాకలో మా వరండాలో కూర్చుని విన్నాను.

గుంటూరు వైపు పల్లెలో, మిషన్ బడిలో నాలుగో తరగతితో నా చదువు ఆగింది. మా వారు యూనివర్సిటీలో గుమాస్తా కావడంతో పెళ్ళయ్యాక తార్నాక వచ్చాను, ఆయన పోయాకా అక్కడే ఉన్నాను. కూతురూ అల్లుడూ ఉద్యోగాలకు వెళితే రెండో తరగతి చదివే మనవరాలిని నేనే చూసుకునేదాన్ని. మేడ మీద గదిలో ఇథియోపియా నుంచి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి అద్దెకుండేది. రోజుకు రెండు బకెట్ల నీళ్ళేనని మొదటి రోజే చెప్పిన మనిషిని నేను. ఆ పిల్ల నవ్వి ఊరుకుంది. మా దోసె చూసి తమ ఊరి రొట్టె గుర్తొచ్చి ఒకసారి కళ్ళు తుడుచుకుంటే, అప్పటి నుంచి ఆదివారాలు దానికని ఇంకో గుప్పెడు బియ్యం నానబోసేదాన్ని.

మనవరాలి స్కూలు డైరీ పట్టుకుని నేను దిక్కులు చూడటం గమనించి, ఇంగ్లీషు నేర్పుతానని ఆ పిల్లే అంది. నాతోపాటు ఇంకొక విద్యార్థిని, హాస్టల్ మెస్సులో చపాతీలు చేసే ఆమె, పని ముగించుకుని వారాసిగూడకు పోతూ మా ఇంట్లో ఆగేది. తెలంగాణ పల్లె మనిషి, నన్ను పెద్దమ్మా అనేది. బోర్డు కొనడం దండగని పాత చర్చి కాలెండర్ కాగితాలు తిరగేసి మేకుకు తగిలిస్తే, వాటి వెనక రాసి నేర్పేది టీచరమ్మ. మేం ఫీజు సంగతి ఎత్తితే, వచ్చీరాని తెలుగులో, మా మనవరాలి సాయంతో చెప్పింది: నేను నేర్పని వాక్యం ఒకటి మీ అంతట మీరు, క్లాసు బయట, అవసరానికి వాడిన రోజు నాకు ముట్టినట్టే అని.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. రోజూ ఊరేగింపులు, బంద్‌లు. నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, ఆ మాట చెప్పకపోతే పాపం. కానీ మార్కెట్లో కూరలమ్మాయి "మీది ఆంధ్రనా అమ్మా, మాట్లాడితే ఎర్కైతది" అని ఊరికే నవ్వుతూ అంటే, ఆ రోజు నుంచి నా నోరంటే నాకే భయం పట్టుకుంది. అన్నేళ్ళూ మనవరాలు "ఏంది" అంటే "ఏమిటి అనాలి" అని దిద్దినదాన్ని, బజారుకు పోతే వేలు చూపించి కూరలు కొనడం మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం క్యాంపస్ వైపు నుంచి ఢామ్ ఢామ్మని బాష్పవాయువు గుండ్లు పేలుతున్న చప్పుడు. వీధిలో జనం పరుగులు. మేడ మెట్లకు కూడా దారి మా వీధి తలుపే; నేను దానికి గడియ వేసి, పిల్లను దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఇంతలో ఎవరో తలుపు దబదబా బాదారు. బొంగురు గొంతు, దాని వెనక తెరిపి లేని దగ్గు. "ఓ అమ్మా, తలుపు తియ్యుండ్రి, కండ్లు మండుతున్నయి, జెర్ర నీళ్ళియ్యుండ్రి."

తెలుగులో మాట్లాడితే నా ఊరు తెలిసిపోతుంది. ఇంగ్లీషుకు ఏ ఊరూ ఉండదు కదా అని తోచింది. ఇంట్లో మనిషి పలికితే ఇంట్లో మనిషి ఉన్నట్టేనన్న ఇంగితం కూడా లేకుండా, గట్టిగా అన్నాను: "నో పీపుల్స్ ఇన్ హౌస్!"

బాదడం ఆగిపోయింది. ఒక్క క్షణం తర్వాత అదే గొంతు, నెమ్మదిగా, "ఎవ్వరు లేరంట టీచరమ్మా, పోదాం పా" అంది.

అప్పుడు తెలిసింది ఎవరో. గడియ మీద చెయ్యి వేశాను. భయంతో వేసిన గడియ అది, సిగ్గుతో తీయలేకపోయాను. చెప్పుల చప్పుడు వీధి చివరిదాకా విన్నాను. వాళ్ళకు నీళ్ళిచ్చింది ఆ చివరింటివాళ్ళు.

సాయంత్రం టీచరమ్మ ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి, నేరుగా మేడెక్కింది. తరువాతి క్లాసులో కాలెండర్ కాగితం మీద "దేర్ ఈజ్ నోబడీ ఎట్ హోమ్" అని రాసి, నా వైపు చూడకుండానే చదివించింది. మెస్సు ఆమె మాత్రం చూసింది. "పెద్దమ్మకు ఇంగ్లీషు మంచిగ వచ్చేసింది టీచరమ్మా, తలుపు అవుతల నాకు గూడ సమజైంది" అని పకపకా నవ్వింది. ఆ నవ్వులో కోపం ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మొహం గంటు పెట్టుకుని పాఠం కానివ్వమన్నాను. టీచరమ్మ కోరిన ఫీజు మా ఇద్దరి నుంచీ ఒకే రోజు, ఒకే తలుపుకు చెరోవైపు నుంచి అలా ముట్టింది.

'సారీ' అన్న మాట ఆ పిల్ల మాకు రెండో పాఠంలోనే నేర్పింది. ఆ పిల్ల చదువు ముగించి విమానమెక్కే రోజు వరకు ఆ మాట నా నోట రాలేదు. మెస్సు ఆమె కూడా ఆ తరువాత రావడం మానేసింది.

మిగిలిన కాలెండర్ కాగితాలన్నీ అలమర అరల్లో పరిచాను. ఇంట్లో ఎవరూ లేరన్న వాక్యం రాసిన ఆ ఒక్కటీ పరచలేదు, పారేయలేదు, పెట్టె అడుగున ఉంది. ఇప్పుడు బజారులో నా మాట విని ఎవరూ ఏ ఊరని అడగరు. మనవరాలు "ఏంది" అంటే నేనూ దిద్దను. బెల్లు మోగితే ఎవరని కూడా అడగకుండా తలుపు తీస్తాను. 'సారీ' ఇప్పుడు బాగానే పలుకుతుంది నాకు. ఆ మాట పట్టుకుని ఏ తలుపు తట్టాలో తెలియదు; తట్టినా, లోపలి నుంచి నా వాక్యమే వినిపిస్తుందేమో.